మూడోసారి వేలిముద్రలు

మళ్ళీ ఎర్ర దీపమేనా మేడమ్? అదేంటమ్మా, ఇంత గట్టిగా మా అత్తగారి కాళ్ళు కూడా ఎప్పుడూ నొక్కలేదే నేను!

సరే సరే, తుడుస్తాను. తడేం లేదు, చూడండి. రుమాలు కూడా తెచ్చుకున్నాను. రావడం ఇది మూడోసారి కదా, ఈ కుర్చీకి ఏ కాలు కుంటో కూడా నాకు తెలుసు. గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు నన్ను చూసే పెట్టారని మా ఆయన అనుమానం.

ఆయన ముద్రలా? ఆయనవి మొదటిసారికే వచ్చేశాయి, పదికి పదీ. రావా మరి! ఒక్క గ్లాసు కడిగిన పాపాన పోయాయా ఆ వేళ్ళు?

అదిగో, బెంచీ మీద అన్నయ్యగారు నవ్వుతున్నారు. నవ్వండి అన్నయ్యగారూ, మీ వంతు వచ్చేసరికి ఎలాగూ పొద్దుపోతుంది.

నావి ఆసుపత్రి లాండ్రీ వేళ్ళమ్మా. ఇరవై రెండేళ్ళ నుంచి ఆపరేషను గదుల దుప్పట్లు, బ్లీచింగు నీళ్ళ తొట్టి. మరక పోవాలని రుద్దుతాం. మరకతోపాటు మనమూ కాస్త కాస్త పోతాం. గీతలు ఎక్కడుంటాయి చెప్పండి? పోయినసారి ఎనిమిది వేళ్ళు తిప్పికొట్టింది మీ మిషను.

ఏమన్నారు? పది నిమిషాలు చేతులు వేడెక్కనివ్వాలా? ఎక్కనివ్వండి. ఇదిగో, రుద్దుకుంటూ కూర్చుంటాను. చేతులు ఊరుకుంటే నోరు కూడా ఊరుకుంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

మీకు నా సంగతి తెలియదు కదూ. పోయిన రెండుసార్లూ ఆ కళ్ళజోడు సారు ఉన్నారు. ఇది దత్తత వ్యవహారమమ్మా. వేరే దేశం పిల్ల, నాలుగేళ్ళది. మేము దరఖాస్తు పెట్టేనాటికి అది పుట్టనే లేదు, చూడండి విడ్డూరం! డాక్టరు కాగితం అయింది. ఇల్లు చూసిపోయినవాళ్ళ కాగితం అయింది. మా వంటింట్లో అగ్గిపెట్టె ఎంత ఎత్తులో పెడతామో కూడా రాసుకుని పోయారు మహానుభావులు. అక్కడి కోర్టు కూడా పిల్ల మీదేనని రాసిచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే. ఈ మనిషి మీద కేసులేవీ లేవని పోలీసు కాగితం. దానికి పది వేళ్ళూ కావాలి.

కోర్టు ఆర్డరు ఈ నెలాఖరు వరకే చెల్లుతుంది. ఇవాళ ముద్రలు పంపితేనే పోలీసు కాగితం ఆలోపు అందుతుంది. రాకపోతే ముద్రల్లేకుండా విచారణ చేస్తారట, దానికి నాలుగు నెలలు. ఈలోపు ఆర్డరు మురిగిపోతుంది, పిల్ల పేరు మళ్ళీ జాబితాలోకి పోతుంది. ఇంకెవరో తీసుకుపోతారు. లేదా ఎవరూ తీసుకుపోరు. ఈ రెండిట్లో ఏది మేలో ఆలోచించే ఓపిక కూడా నాకు లేదమ్మా.

మా అత్తగారు రోజూ అడుగుతారు, “ఇంకా దిగలేదా మీ విమానం పిల్ల?” అని. అది వెటకారమో ప్రేమో ఆ దేవుడికే తెలియాలి. పోయిన వారం ఊలు తెచ్చి స్వెట్టరు అల్లడం మొదలుపెట్టారు. ఎవరికండీ అంటే, “నాకే, చలేస్తోంది” అంటారు. అల్లిన చెయ్యి చూస్తే ఇంత! నా మూడు వేళ్ళు పట్టవు అందులో.

ఎడమ చెయ్యా? ఇదిగో పెడుతున్నాను... ఆకుపచ్చ! నా తండ్రీ, నా స్వామీ! బొటనవేళ్ళు కూడానా? ఆ... వచ్చాయా? అయితే ఆరు. మిగిలినవి కుడిచేతి నాలుగే. మళ్ళీ వేడెక్కాలా? సరే.

మేడమ్, కాస్త ఇటు వంగండి. ఈ మాట బెంచీ దాకా పోకూడదు.

పోయిన రెండుసార్లూ ఇదే కుర్చీలో కళ్ళు మూసుకుని, ‘స్వామీ, నీ చిత్తం’ అనుకున్నాను. నీకు ఇష్టమైతే ముద్రలు రానీ, లేకపోతే లేదు అని. ఎంత భక్తి! పైకి నీ చిత్తం. ముందురోజు చేసింది మాత్రం నా చిత్తం.

గ్లవ్స్ తీసేశానమ్మా. ముద్రలకి ముందు పన్నెండు రోజులు చేతులకి విశ్రాంతి ఇవ్వాలని, తేదీ ఇచ్చినప్పుడే కళ్ళజోడు సారు చెప్పారు. రెండుసార్లూ పదకొండు రోజులు బుద్ధిగా ఉన్నాను. పన్నెండో రోజు పనిలోకి పోయి వట్టి చేతులు బ్లీచింగు తొట్టిలో పెట్టాను. మంట పుట్టేదాకా ఉంచాను.

ఎందుకంటారా? నెలకోసారి వీడియోలో చూపిస్తారు పిల్లని. ఆ మొదటి ముద్రలకి ముందు చూపించినప్పుడు నేను ఆపకుండా మాట్లాడాను. నీకు గది సిద్ధం చేశాం, పరుపు కొన్నాం, గోడ గడియారం గంటలు కొడితే భయపడకు... ఒకటా రెండా! పిల్ల ఆయా వెనక దాక్కుని ఏదో అంది. వాళ్ళ మాట మాకు తెలుగులో చెప్పే అమ్మాయి నవ్వింది. ఏమందమ్మా అంటే, “ఈవిడ మాటలు ఎప్పుడైపోతాయి అని అడుగుతోందండీ” అంది.

నవ్వేశాను. ఆయన నవ్వారు, అత్తగారైతే పొట్ట పట్టుకుని నవ్వారు. నలుగురినీ నవ్వించడం నాకు అలవాటే కదా.

కానీ నా దగ్గర ఉన్నవి మాటలేనమ్మా. అందం లేదు, చదువు లేదు. నలభై ఆరేళ్ళు ఈ నోటితోనే నెట్టుకొచ్చాను. ఆ పిల్లకి నా మాట అర్థం కాదు, అయినా వద్దట. ఇంక దానికి నేనేం పెట్టను?

ఆయనకి తెలియదు. పొద్దున్నే బస్సు డ్యూటీకి పోయే ముందు నా వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని మలాము రాస్తారు. “ఇరవై రెండేళ్ళ చాకిరీ ఇది, నీ తప్పేముందే” అంటారు. ఆ మాట అన్నప్పుడల్లా మలాము మండుతుంది.

ఈసారా? ఈసారి చెయ్యలేదమ్మా, ఒట్టు. పోయిన నెల పిల్లకి బూట్లు కొనాలి కొలత పంపండి అని రాస్తే, కాగితం మీద పాదం పెట్టించి చుట్టూ పెన్సిలు గీసి పంపారు. గీత చక్కగా మడమ తిరిగి, వేళ్ళ దాకా వచ్చి, చిటికెన వేలి దగ్గర ఒక్కసారిగా కాగితం చివరికంటా దూసుకుపోయింది. కాలు లాగేసుకుంది! చక్కిలిగింత పిల్లకి! ఇంత లావు ఫైలులో బరువు రాశారు, పళ్ళు రాశారు, ఏ టీకాలు వేశారో రాశారు. ఈ సంగతి ఒక్కరూ రాయలేదు.

ఆ మర్నాడే సెలవు పెట్టాను. తొట్టి వైపు కన్నెత్తి చూడలేదు.

కుడి చెయ్యా? ఇదిగో. నొక్కను, మీరు చెప్పినట్టే ఊరికే ఆనిస్తాను. ఈసారి ప్రార్థన కూడా చెయ్యలేదు మేడమ్. ఆ స్వామి ముందు మొహం చెల్లక.

...ఏంటమ్మా? నాలుగూనా? మళ్ళీ చూడండి. సరిగ్గా చూడండి తల్లీ.

లేదు లేదు, ఏడవడం లేదు. సంతోషమే అనుకోండి. భయం కూడాననుకోండి. ఇన్నాళ్ళూ ఆ పిల్లకీ నాకూ మధ్యలో ఈ మిషను ఉండేది. ఇక ఏమీ లేదు కదా.

ఆయన్ని పిలుస్తారా? ఒక్క నిమిషం ఆగండి. బయట మెట్ల మీద ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వచ్చాయని మీరు చెప్పండి. పోయిన రెండుసార్లూ ఎందుకు రాలేదో నేను చెప్పుకుంటాను.

చెబుతానులెండి. ఇవాళ కాదు. ఇవాళ ఆయన తన మలాము పనిచేసిందని బెంచీ మీద అందరికీ చెబుతారు. చెప్పనివ్వండి.