వీధి దాటిన గీత

కొత్త వాతావరణ పటానికి రంగులు వేస్తున్న అమ్మాయి ఉండబట్టలేక బాబాయికి ఫోన్ చేసింది.

"బాబాయ్, మీ వీధి చలి ప్రాంతంలోంచి వెచ్చని ప్రాంతంలోకి వచ్చేసింది!"

"నేను గడప దాటలేదే!"

"గీతే దాటింది. ముప్పై ఏళ్ల ఎండలూ వానలూ లెక్కగట్టి గీశాం. ఇక నిమ్మచెట్టు నాటుకో."

"నువ్వు వద్దన్న ఏడాదే నాటాను. మూడేళ్లుగా విరగకాస్తోంది."

"మరి చెప్పవేం?"

"ఎలా చెప్పను? నీ పాత పటం గోడకి తగిలించి, మా అమ్మాయే గీసిందని వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నానాయె."

ఆమెకు నవ్వాగలేదు. "మరి మీ పెరట్లో ఆపిల్ చెట్టో?"

"అలిగింది. పూతే లేదు."

"దానికి చలి చాలట్లేదు, బాబాయ్."

"తెలుసు. రోజూ బుజ్జగిస్తున్నా. ఇంతకీ, గీత ఎక్కడాగింది?"

"మీ వీధి చివర."

"ఇంకో వీధి జరుపమ్మా. ఆ వీధివాళ్లకీ నిన్ననే నిమ్మమొక్కలు పంచేశాను."