మిషను ఆగిన మాట

ముందుగదిలో తల్లి కుట్టుమిషను తొక్కుతోంది. కూతురు ఎదురుగా నిలబడి, రేపు బడిలో చెప్పాల్సిన ఉపన్యాసం వల్లెవేస్తోంది.

"గౌరవనీయులైన పెద్దలారా! మాతృమూర్తి త్యాగానికి మారుపేరు... అమ్మా, వింటున్నావా?"

"వింటున్నానే. బాగుంది, కానివ్వు."

"ఇది టీచర్ రాసిచ్చింది. నేను రాసుకున్నది చెప్పనా?"

"అదీ చెప్పు."

"మా అమ్మ ఊరందరికీ బట్టలు కుడుతుంది. నా చొక్కా గుండీ ఊడి నెలైంది. రోజూ పిన్నీసు పెట్టి పంపిస్తుంది."

మిషను ఆగిపోయింది.

"ఆ చొక్కా ఇలా తే."

"కోపమొచ్చిందా? పోనీ, టీచర్ రాసిందే చెప్తాలే."

"ఓసి పిడుగా! గుండీ కుడతా గానీ, నువ్వు నీదే చెప్పు. ఇంకా ఏమేం ఉన్నాయేమిటి నామీద?"

"చాలా ఉన్నాయి. మళ్ళీ మిషను తొక్కకు మరి!"