మేజు నలభై తొమ్మిదో రోజు

హలో… ఆ, అక్కనే. చెప్పవే మల్‌సూన్.

… కొట్లోనే, ఇంకెక్కడుంటా. పొద్దున చేసిన కూరలు డబ్బాల్లో సర్దుతున్నా. … లేదు, జలుబేం కాదు. నా గొంతు ఇవాళ ఇలాగే ఉంది. నీ సంగతి చెప్పు.

… రేపా? రేపేముంది?

… ఎవరి పూజ?

… ఆగాగు. మళ్ళీ చెప్పు, సరిగ్గా వినపడలేదు. … మేజుకి. మీ ఇంటి కుక్క మేజుకి. వాడు పోయి రేపటికి నలభై తొమ్మిదో రోజు. కొండమీద బౌద్ధ గుళ్ళో పూజ. ఊఁ. … లేదు, వింటున్నా. బాగా వింటున్నా. కానియ్.

… మూడు రంగుల కూరలా. తెల్లదొకటి, ఆకుపచ్చదొకటి, గోధుమరంగుదొకటి. … గుడికి కాబట్టి ఉల్లీ వెల్లుల్లీ పడకూడదు. నాకు చెప్తావేంటే, ఈ వీధిలో ఎవరు పోయినా పూజ కూరలు వెళ్ళేది నా కొట్టు నుంచేగా. మనిషికైనా కుక్కకైనా అవే కూరలు.

… ఇంతకీ ఈ పూజ ఎవరు పెట్టించమన్నారు? … మీ అత్తగారు. నువ్వు వద్దన్నా వినలేదు. … "ఇదొక్కటీ చేస్తే వాడు ఈసారి మనిషై పుడతాడు" అంటున్నారా. … ఇంకా అన్నం సరిగ్గా తినట్లేదా ఆవిడ. … మరి ఆ బూడిద కుండ? … దిండు పక్కన పెట్టుకుని పడుకుంటున్నారు. ఊఁ.

… ఏం లేదు. గిన్నె కింద పెట్టా, ఆ చప్పుడే.

మల్‌సూన్. ఆ కుండలో ఏముందే?

… అది కాదు నేనడిగింది. ఎవరి బూడిద?

… మేజు బూడిద. బాగుంది. మరి ఇక్కడ నా వెనకగదిలో, నేల వెచ్చగా ఉన్నచోట చూసుకుని, నా పాత దుప్పటి మీద పడుకుని గురకపెడుతున్నవాడెవడే?

…

హలో? … ఫోను పెట్టేశావంటే ఇప్పుడే కొట్టు మూసేసి మీ ఇంటికొస్తా. వాణ్ణి చంకనేసుకుని మరీ వస్తా. … ఆఁ. అలా దారికి రా.

… "ఏ మేజు" అంటావేంటే! లోకంలో ఎంతమంది మేజులున్నారు? సోయా గింజలు ఉడికించి దంచి ఎండేసిన ముద్దలా ఉన్నాడని మీ అత్తగారు పేరు పెట్టుకున్న మేజు. పక్కింటి పిల్లితో పెట్టుకుని ఎడమ చెవి సగం పోగొట్టుకున్న మేజు. నువ్వు చంపేసిన మేజు!

… అరవనా? మెల్లగా మాట్లాడాలా? ఇది మెల్లగానే. నేను అరవడం నువ్వింకా వినలేదు.

… ఎక్కడ దొరికాడంటే — నువ్వెక్కడ పారేశావో అక్కడే దొరికాడు. ఊరవతల, కుక్కల షెల్టర్‌లో. చలికాలం వస్తోంది కదా, ఇంట్లో పాత దుప్పట్లుంటే ఇచ్చొద్దామని వెళ్ళా. చిట్టచివరి బోనులో, గోడకి మొహం పెట్టుకుని కూర్చున్నాడు. … నేను గుర్తుపట్టలేదే! ఒళ్ళంతా బొచ్చు అట్టలు కట్టిపోయింది. కళ్ళనిండా పుసి. ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. పాపం, ఎవరింటి ముసలాడో అనుకుని ముందుకెళ్ళిపోయా. వాడే లేచాడు. తూలుకుంటూ వచ్చి, ఊచల్లోంచి ముక్కు పెట్టి, నా చెయ్యి వాసన చూసి — ఒక మూలుగు మూలిగాడు. అప్పుడు చూశా చెవి.

… ఒక్క క్షణం భయపడ్డా తెలుసా. దెయ్యమేమో అనుకున్నా! మరి నువ్వు పోయాడన్నావుగా! మీ ఇంటికొచ్చి ఏడ్చాను కదే నేను! నీ వీపు నిమిరి, "ముసలాడు సుఖంగా వెళ్ళాడులే" అని నీకు ధైర్యం చెప్పి, వండుకునే ఓపిక ఉండదేమోనని వారానికి సరిపడా కూరలు ఫ్రిజ్‌లో పెట్టొచ్చాను. నువ్వు ముక్కు చీదుకుంటూ తిన్నావు. సిగ్గులేదూ?

… ఆ షెల్టర్ పిల్ల ఏమందో చెప్పనా? తెల్లారి తలుపు తీసేసరికి గేటు ముందు అరటిపళ్ళ అట్టపెట్టెలో ఉన్నాట్ట. మెడపట్టీ లేకుండా. … పట్టీ ఎందుకు తీశావు? … చెప్పవే. … దానిమీద మీ ఫోను నంబరు ఉంటుందని! హవ్వ! దొంగలకి కూడా ఇంత ముందుచూపు ఉండదు.

… "రోడ్డు మీద వదల్లేదుగా, షెల్టర్ దగ్గరేగా." అబ్బో! శాలువా కప్పించమంటావా? అక్కడికొచ్చే ప్రతివాళ్ళూ చేతిలో పట్టేంత కుక్కపిల్ల కావాలంటారు. పళ్ళూడిపోయి, చెవుడొచ్చి, నిలబడ్డచోటే ఉచ్చపోసుకునే ముసలాణ్ణి ఎవరు తీసుకెళ్తారనుకున్నావు? గడువులోగా ఎవరూ రాకపోతే సూదేసి చంపెయ్యడమే కదా. వాడి వంతు వచ్చేసిందే! నేను దుప్పట్లు ఇంకో నాలుగు రోజులాగి తీసుకెళ్దాంలే అనుకుని ఉంటే, నీ అబద్ధం నిజమయ్యుండేది.

… ఒక్క నిమిషం, బేరమొచ్చింది. — రండమ్మా. ముల్లంగి కిమ్చీయా? ఇది కొత్తది, ఇంకా పులవలేదు. పులిసింది కావాలంటే ఆ పక్క డబ్బా. … కారం తక్కువేనమ్మా. నా మొహం చూసి జడుసుకోకండి, ఇది వేరే కారం. … ఆ, మంచిది, వెళ్ళిరండి. — హలో. ఉన్నావా? ఉండు. ఎక్కడికీ పోకు.

… కొత్త ఫ్లాట్. ఆఁ. కొత్త చెక్కనేల. వాడు ఉచ్చపోస్తే మరకలు. లిఫ్ట్‌లో వాసనంటూ పై అంతస్తువాళ్ళ గొడవ. … సరే, మీ ఆయనకి తెలుసా ఈ ఘనకార్యం? … ఆయనే కారులో తీసుకెళ్ళాడా! సరిపోయింది. దొందూ దొందే. ముసలావిడ తోటివాళ్ళతో వేడినీటి బుగ్గల్లో స్నానాలకని అటు వెళ్ళగానే మీరిటు పని కానిచ్చారన్నమాట.

… అది సరే, ఆ బూడిద ఎక్కడిదో చెప్పలేదు నువ్వు.

… ఏ హోటల్?

… మాంసం కాల్చుకు తినే హోటలా?! … ఆ బొగ్గుల బూడిదా? … మల్‌సూన్! పందిమాంసం కాల్చిన బొగ్గుల బూడిద కుండలో పోసి, దానికి తెల్లగుడ్డ కట్టి, ఆ ముసలావిడ చేతిలో పెట్టావా? ఆవిడ దాని ముందు రోజూ అగరొత్తి వెలిగిస్తోందా? దాంతో కబుర్లు చెప్తోందా? … నువ్వు మనిషివేనా? నీకిది చెయ్యడానికి బుద్ధెలా పుట్టిందే? … "ఆవిడ తృప్తి కోసం." నీ మొహం తృప్తి!

… కష్టం నాకు తెలీదంటావేంటి. వాడొచ్చిన దగ్గర్నుంచీ నేనేగా పడుతున్నా! అట్టకట్టిన బొచ్చు కత్తెరతో తీస్తుంటే కింద ఒళ్ళంతా పుళ్ళు. వెనకాళ్ళు నిలవట్లేదు, పొట్టకింద తువ్వాలు వేసి ఎత్తి పట్టుకుంటేనే నాలుగడుగులు వేస్తాడు. మాత్ర చిలగడదుంపలో దాచి పెడితే దుంప మింగి మాత్ర ఉమ్మేస్తాడు, గడుగ్గాయి. గంటకోసారి గుడ్డలు మార్చాలి. కూరల కొట్టు వెనక కుక్కేంటని పక్క కొట్టావిడ సాధింపులు వేరే. … కష్టమే! ఎవరు కాదన్నారు? చెయ్యలేనని చెప్తే తీసుకెళ్ళేదాన్ని కదే. ఒక్క ఫోను! కూరలు కావాలంటే చేస్తావుగా ఫోను? దీనికెందుకు చెయ్యలేదు?

… నేను తిడతానని. చూడు, ఇప్పుడు బాగా తప్పించుకున్నావు.

… డాక్టరా? చూపించా. గుండె ఉబ్బిపోయిందిట. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందిట. ఈ వారమో, పై వారమో అన్నాడు. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దన్నాడు. … ఆఁ. అంతే మిగిలింది.

… ఇంకో మాట విను. పొద్దున్నే నేను తలుపు తీస్తానా, ఆ చల్లగాలి తగలగానే వాడు తలెత్తుతాడు. గుమ్మం వైపు ముక్కు పెడతాడు. ఎవరొచ్చినా వాసన చూస్తాడు, కాదని తెలిశాక తల దించేస్తాడు. సాయంత్రం దాకా ఇదే పని. … నాకోసం కాదే. నేను పక్కనే ఉన్నాగా! ఎవరికోసమో నీకు తెలుసు. ఉగ్గుగిన్నెతో పాలు పట్టి పెంచిందెవరు మరి?

… వారమైంది తీసుకొచ్చి. … ఎందుకు చెప్పలేదా? నువ్వు చెప్తావేమోనని. నీ నోటితో నువ్వే ఆవిడ ముందు ఒప్పుకుంటావేమో, నా చెల్లెలికి ఆ మాత్రం బుద్ధుంటుందేమోనని రోజూ ఫోను దగ్గర పెట్టుకుని చూశా. ఇవాళ చేశావు. దేనికి? పూజ కూరలకి!

… పూజయ్యాక మెల్లగా చెప్తావా? ఏమని చెప్తావే? రేపు ఆ భిక్షువుగారు గంట కొట్టి, వాడి పేరు చదివి, "ఇక్కడి బంధాలు వదిలి వెళ్ళిపో నాయనా" అంటారు. వాడి పేరు రాసిన కాగితం మంటలో వేస్తారు. మీ అత్తగారు దణ్ణం పెట్టి, వాడు వెళ్ళిపోయాడనుకుని ఇంటికొస్తారు. ఇక్కడ వీడు గుమ్మం చూస్తూ పడుంటాడు! బతికున్నవాణ్ణి వెళ్ళిపొమ్మంటారేంటే? నేను ఒక్క కూర కూడా చెయ్యను. పాలకూర కాడ కూడా తుంచను.

అత్తగారికివ్వు ఫోను.

… ఇవ్వు. … పక్కనే ఉన్నారు, పెనం మీద చుయ్‌మంటున్న చప్పుడు నాకు వినపడుతోంది. రేపటికి అట్లు వేస్తున్నారు కదూ? వాడికోసం! … నిన్ను చంపేస్తారా. చంపనీ. నీ నలభై తొమ్మిదో రోజుకి కూరలు నేనే పంపిస్తాలే, మూడు రంగులవీ.

… బతిమాలకు. నా దగ్గర ఇప్పుడు జాలి లేదు. ఉన్నదంతా ఈ వెనకగదిలో ఖర్చయిపోతోంది. ఇస్తావా, నన్నే రమ్మంటావా?

…

… అత్తయ్యగారూ? … ఆఁ, నేనేనండీ, మల్‌సూన్ వాళ్ళక్కని. నమస్కారం. … లేదండీ, కూరల గురించి కాదు. ముందు మీరు ఆ పొయ్యి కట్టేయండి. … కట్టేశారా? కూర్చోండి. … కుర్చీలో కూర్చోండి, నేలమీద వద్దు, మీ మోకాళ్ళకి మళ్ళీ లేవలేరు.

… కంగారేం లేదండీ. ఎవరికీ ఏం కాలేదు. అదే చెప్పాలని. ఎవరికీ ఏం కాలేదు. … మేజుకి కూడా.

… అవునండీ. … ఉన్నాడు. … నా దగ్గరే, నా వెనకగదిలో. … లేదండీ, ఇలాంటి వాటితో పరాచికాలాడతానా. … ఎడమ చెవి. అవును, ఆ సగమే. … తింటున్నాడండీ, కొద్దికొద్దిగా. ఎండుచేప ఉప్పంతా పోయేదాకా నానబెట్టి, మరిగించిన నీళ్ళలో అన్నం మెదిపి, వేలితో పెడితే నాకుతున్నాడు. … మీరు అలాగే పెట్టేవారని నాకు గుర్తుంది.

… అత్తయ్యగారూ. … అత్తయ్యగారూ, ఊపిరి పీల్చుకోండి. … ఏడవకండి అనను. ఏడవండి.

… ఎలా వచ్చాడంటే — అది మీ కోడలు చెప్తుంది. నేను చెప్తే చాడీ అవుతుంది, దాని నోటితోనే వినండి. … ఆ కుండా? అదీ తనే చెప్తుంది. అన్నీ చెప్తుంది.

… బాగాలేదండీ. మీ దగ్గర అబద్ధమెందుకు, మీరు విన్నది చాలు. గుండె పాడైపోయింది. ఎక్కువ రోజులు లేవు. అందుకే రేపు కాదు, ఇవాళే రండి. … గుడికి కబురు పంపించేయండి, పూజ లేదని. … మనిషై పుట్టడం సంగతి తర్వాత చూసుకుందామండీ. ఈ జన్మ ఇంకా అయిపోలేదు వాడికి. … ఆ అట్లా? తెచ్చేయండి. మెత్తగా నలిపి ఓ ముక్క పెడదాం, డాక్టరు చూడడంలేదుగా. … ఓసారి మల్‌సూన్‌కివ్వండి.

… విన్నావుగా. … ఏం చేస్తున్నారు ఆవిడ? … ఏమీ అనకుండా చెప్పులు తొడుక్కుంటున్నారా. … తిడితే బాగుండుననిపిస్తోందా నీకు. అనిపించదూ మరి. దారంతా పక్క సీట్లో కూర్చుని ఏమీ అనరు చూడు.

… నువ్వూ రావాలా అంటే? మరి కారెవరు నడుపుతారు! రా. వచ్చి ఆ పుళ్ళు చూడు. … తిడతాను. ఆవిడ ముందే తిడతాను. నన్ను మాత్రం మన్నించమని అడక్కు, అక్కని కదా అని ఆశపడకు.

… ఏంటి? … గుర్తుపడతాడా అనా?

… పడతాడే. అదే నా కడుపుమంట! అట్టపెట్టెలో పెట్టిన చెయ్యి ఇదేనని చూడడు. నీ వాసన తగలగానే లేవలేక లేవలేక లేస్తాడు. తోకాడిస్తాడు. ఆ చెయ్యే నాకుతాడు. వాడికి కోపం రాదు మల్‌సూన్! ఎంత చేసినా రాదు వాడికి. అందుకే, వాడి వాటా కోపం కూడా నేనే పడుతున్నా.

… సరే, సరే. ఇంక బయల్దేరు. … ముందు మొహం కడుక్కో, కళ్ళు కనపడకుండా బండి నడపకు. పెట్టేస్తున్నా, వాడు లేచినట్టున్నాడు.