ఆయన్ని బస్సెక్కనివ్వకండి

హలో… ఆ, నేనే వదినా. కుర్చీలోనే ఉన్నాను, చెప్పండి.

…

ఎవరు, మీ తమ్ముడా? మీ ఇంటికొచ్చారా?

…

బేకరీ మీది గది ఖాళీ చేశారా? ఎప్పుడు?… నాకు మాటమాత్రం చెప్పలేదే. నిన్న కూడా ఫోన్ చేశారు. బేకరీలో పొయ్యి దగ్గర కూచున్నాను, వెచ్చగా ఉంది అన్నారు, అంతే.

…

లేదు వదినా, నేను రమ్మనలేదు. ఒట్టు.

…

ఇప్పుడెక్కడున్నారు?… స్నానానికి వెళ్ళారా. అయితే ఆయన వచ్చేలోగా ఒక్క సంగతి చెబుతాను, వినండి. ఆయన్ని బస్సెక్కనివ్వకండి.

— కాదు, తప్పుగా అనుకోకండి. మొగుడు వస్తానంటే వద్దనే పెళ్ళాం ఉంటుందా అని మీకు అనిపిస్తుంది. ఇక్కడ కొండ మీద అప్పుడే చలి మొదలైంది. పొద్దున కిటికీ అద్దం తుడిస్తే గానీ వీధి కనబడటం లేదు. పోయిన చలికాలం ఆయన్ని కిందికి ఎలా దింపామో మీకు తెలీదు. ఊపిరి అందక పెదాలు నీలంగా అయిపోయాయి. ఏ బండీ దొరక్క పాలవ్యానులో పడుకోబెట్టి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది, ఇంకో చలికాలం ఈయన్ని కొండ మీద ఉంచితే మనిషి దక్కడమ్మా అని.

…

నేనే దిగి రావచ్చు కదా అంటారు. వచ్చాను వదినా, మొన్న వేసవిలో. ఆయన మీకు చెప్పలేదా?… చెప్పరు. మీ ఇంటికి రాలేదెందుకంటే నేను ఆ గది గడప దాటలేకపోయాను. నా నరాల జబ్బుకి వేడి పడదు. ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, కాళ్ళు నావి కానట్టే ఉంటాయి. చూపు మసకబారుతుంది. ఆయన నాకు తడిబట్టలు చుట్టి ఫ్యాన్ కింద పడుకోబెట్టేవారు. ఆ గాలికి ఆయనకి దగ్గు. నాకు వినబడకూడదని గోడవైపు తిరిగి దిండులో మొహం పెట్టుకుని దగ్గేవారు.

…

మధ్యలో ఎక్కడైనా అంటే… అదీ చూశాం. ఘాటు రోడ్డు సగంలో ఊరుంది కదా, అక్కడ గది తీసుకున్నాం. అటు చలీ కాదు, ఇటు ఎండా కాదు, ఇద్దరికీ సరిపోతుందని మురిసిపోయాం. ముసురు పట్టుకుంది. ఆయనకి ఆయాసం. ముసురు విడిచి ఉక్కపోసిందా, నాకు కాళ్ళు పడిపోయాయి. చెరో మంచం మీద పడుకుని, మంచినీళ్ళు ఎవరు తెస్తారా అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. చివరికి ఆయన కిందికి దిగారు, నేను పైకి వచ్చేశాను.

…

ఆ, మొదటినుంచీ అంతే. పెళ్ళైన కొత్తలో మా ఫ్యాన్ తగువులు తీర్చింది మీరే కదా. నేను స్విచ్ వేయడం, ఆయన తీసేయడం. నాకు కిటికీలు బార్లా ఉండాలి, ఆయనకి నడి ఎండాకాలంలోనూ ముసుగు ఉండాలి. మీరు ఎంత నవ్వేవారు. ఆ ఇష్టాలే జబ్బులై కూచుంటాయని ఎవరనుకున్నాం.

…

నా ఒంట్లోనా… మీకు చెబుతాను, ఆయన చెవిన మాత్రం వేయకండి. ఈసారి చల్లగా ఉన్నా ఎడమ చెయ్యి స్వాధీనంలోకి రావడం లేదు. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేశాను. ఎదురింటి టీచరమ్మ పొద్దున్నే వచ్చి జడవేసి, హుక్కులు పెట్టి, ఇంత తినిపించి బడికి పోతుంది. మళ్ళీ సాయంత్రం ఆవిడ వచ్చేదాకా ఈ కుర్చీయే.

…

ఏడవకండి. మీరేడిస్తే నేను మాట్లాడలేను.

…

ఆయన రావాలనే నాకూ ఉంటుంది వదినా. వీధిలో ఎవరు చెప్పులు విడిచినా ఆయనేనేమో అనిపిస్తుంది. అందుకే మిమ్మల్ని ఆపమంటున్నాను. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడితే నేను పొమ్మనలేను. నా చేతులతో నేనే ఆయన్ని…

— వచ్చేశారా? విన్నారా ఏమైనా?… నిజంగా వినలేదా. సరే, ఫోన్ ఆయనకివ్వండి.

…

ఏవండీ… ఆ, బాగున్నాను. టికెట్ తీసుకున్నారట. వెనక్కి ఇచ్చేయండి.

…

ఎందుకేమిటి. ఇక్కడ నాకు బాగానే ఉంది.

…

నిజమే. కాళ్ళు బాగా ఆడుతున్నాయి. పొద్దున కూరల కొట్టుదాకా నడిచి వెళ్ళొచ్చాను. చెయ్యా?… చెయ్యికేం, బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నాను. ఊపిరి సలపడం లేదు.

…

కిటికీలన్నీ తీసుకునే పడుకుంటున్నాను. మూసెయ్ అనేవాళ్ళు లేరు కదా. ఇన్నేళ్ళకి కంటినిండా నిద్రపోతున్నాను.

…

కోపమేం లేదు. ఉన్నమాట చెబుతున్నాను. మీరొస్తే మళ్ళీ తలుపులు బిడాయించుకుని, కుంపటి రాజేసుకుని, రాత్రీ పగలూ మీ వెనక తిరగాలి. నాకు ఓపిక లేదండీ. నన్నిలా ఉండనివ్వండి.

…

వింటున్నారా.

…

వేసవిలో నేను రాను. ముసురులో ఆ మధ్య ఊరికి కూడా రాను. మీరక్కడే ఎండపట్టున ఉండండి. గది మళ్ళీ ఇస్తారేమో బేకరీ ఆయన్ని అడగండి.

…

ఏమన్నారు?

…

సరేనా.

…

అబ్బే, ఏం లేదు. నేను కోరిందే కదా. సరే అన్నారు, మంచిది.

…

మీ ఉన్నిబట్టలా? అలమరలోనే ఉన్నాయి. పంపమంటారా?

…

ఎవరికైనా ఇచ్చేయాలా… అన్నీనా. కోటు, మఫ్లర్లు, అన్నీ…

…

అవునులెండి. ఇటు రానప్పుడు ఇంక మీకు వాటితో పనేముంది. ఇచ్చేస్తాను. పాలవ్యాను అతనికి సరిపోతాయి.

…

ఆ… వేళకి మందులు వేసుకోండి. ఉంటాను.

…

ఏవండీ, ఆ నల్ల స్వెట్టరు ఒక్కటి మాత్రం నేను—

హలో.

హలో…