కూర్చున్నవాళ్లు లేవకూడదు

విడవలూరుకు అవతల సముద్రపు ఒడ్డు. ఇసుక దిబ్బ మీద, చేపల వేటకు పోయి తిరిగిరాని పడవ కోసం చూస్తూ అత్త మాలకొండమ్మ, మూణ్ణెల్ల కిందట కాపురానికి వచ్చిన కోడలు గురవమ్మ. కింద నుంచి ముత్యాలయ్య కేకేస్తూ వస్తున్నాడు.

“వదినా! మాలకొండొదినా! మనోళ్లు దొరికినారు!”

“అందరూనా, ముత్యాలయ్యా?”

“అందరూ. నీ కొడుకు మాల్యాద్రి కూడా. గాలికి కొట్టుకోని పోయి ఉత్తరాన ఏరు సముద్రంలో కలిసే మొగలో దూరినారంట. సైకిలేసుకోని మనిషొచ్చి చెప్పినాడు. పొద్దుగూకేలోపల పడవతోనే వచ్చేస్తారు. దిగండి, కాసిన్ని గంజినీళ్లన్నా తాగండి.”

“అత్తా! విన్నావా! వచ్చేస్తా ఉండాడు!”

“విన్నా.”

“నవ్వవేంది?”

“ఓపికుంటే నవ్వనా? నా వాటా గూడా నువ్వే నవ్వు.”

“లే అత్తా, ఇంటికి పోదాం. నీళ్లు పోసుకుందాం. నా తల చూడు, పిచ్చుక గూడయింది.”

“కూర్చో మే.”

“వచ్చేస్తా ఉండారని చెప్పినాడు గదా!”

“వస్తా ఉండారన్నాడు. రాలా. పడవ ఒడ్డున పడిందాకా కూర్చున్నోళ్లు లేవగూడదు, తల దువ్వగూడదు. మా అత్త నాకు చెప్పింది, నేను నీకు చెప్పినా.”

“మరి రాత్రి వానకు లేచి ఇంట్లోకి పోలా మనం?”

“గడపలో కూర్చున్నాం గదా. అదీ కూర్చోవడమే.”

“అబ్బో! సముద్రానికి గడప యాడుందో గూడా తెల్సా?”

“నీ నోటికేం తక్కువ లేదు.”

“నోరు మూస్తే భయమేస్తాది అత్తా. కళ్లు మూస్తే చాలు, ఆయన మునిగిపోతా ఉంటాడు. రాత్రి గడపలో కూర్చోనుంటే, పొయ్యి మీద ఉలవలు మాడిపోయినా తెలీలా నాకు.”

“తెల్సు. తిన్నది నేనే గదా.”

“ఇన్నేళ్లయినా నీకు పోలేదా, ఈ భయం?”

“పోతే ఈడెందుకు కూర్చుంటా?”

“మామను సముద్రం తీసకపోయింది గదా... అందుకా?”

“ఎవురు చెప్పినారు?”

“ఎవురూ చెప్పలా. నువ్వట్టా చూస్తా ఉంటే, అదే అయ్యుంటాదని...”

“మీ మామ మంచం మీద పోయినాడు. చలిజ్వరమొచ్చి.”

“మంచం మీదా?”

“సముద్రం ఆయన్ని ఏ పొద్దూ ఏమీ చేయలా. పోయిన ప్రతి తూరీ తిరిగొచ్చినాడు.”

“మరి ఇన్నేళ్లూ నువ్వు...”

“చూసినా. చూసి చూసి, ఆయనొచ్చేసరికి అలిసిపోయేదాన్ని. కూడు పెట్టి పడుకునేదాన్ని. ఆయనేమో పక్కన కూర్చోని ఏందో చెప్తా ఉంటాడు, ఈ చేప ఇంత, ఆ చేప అంత అని. నేను గాలి వింటా ఉంటా, రేపు ఎట్టా ఉంటాదో అని.”

“మొన్న నీ కొడుకు గూడా విడవలూరు సంతకు పోదాం రా, గాజులేయిస్తానన్నాడు. మబ్బు పట్టిందని నేనే రానన్నా.”

“విన్నాలే.”

“అత్తా, మామ ఎట్టుండేవాడు?”

“ఆయన తెరచాప చెప్పమంటే చెప్తా. కుడి పక్క ఎర్రగుడ్డ మాసిక. ఎంత దూరాన ఉన్నా గుర్తుపడతా.”

“తెరచాప కాదు. మామ మొహం.”

“మొహమా... మీసముండేదా? ఉండేదనుకుంటా.”

“అత్తా?”

“మాల్యాద్రిని చూస్తే కొంచెం గుర్తొస్తాది.”

“సరే. ఇటు తిరుగు.”

“ఏంది మే అది?”

“దువ్వెన. కొంగులో మూటగట్టి తెచ్చినా. తిట్టబాక.”

“పడవ ఇంకా రాలేదు!”

“రానీ. వచ్చేది వస్తాది. తల ఇట్టా పెట్టు. అమ్మో, ఏం చిక్కులు... నొప్పా?”

“ఊ. పర్లేదు, లాగు. వాడు రేపే మళ్లీ పోతాడు, తెల్సా? ఈ తూరి చేపలు దక్కలేదని ఊరికే ఉండడు.”

“తెల్సు. రేపూ మనకు ఈ దిబ్బే గదా.”

“కాదు. రేపు పడవ పోంగానే ఇద్దరం విడవలూరు పోదాం, నీకు గాజులేయిస్తా. దారిలో నేను ఎనక్కి తిరిగి చూస్తే, రెక్క పట్టుకోని లాక్కపో.”