దొంగ కిటికీ

మూతపడ్డ మిల్లు ఎదుట, ఒకే అచ్చులో పోసినట్టున్న కార్మికుల ఇళ్ల వరుసలో, ఒక వంటింట్లో ఇంజినీరూ ఆ ఇంటి ముసలావిడా నిలబడి ఉన్నారు.

"పెద్దమ్మా, ఈ వరుసంతా మిల్లువాళ్లు కట్టించినప్పుడు ఎలా ఉందో అలాగే బాగుచేస్తాం. పక్కింటి గోడకున్న ఈ కన్నం మాత్రం పూడ్చాలి."

"కన్నమేంటి నాయనా, దొంగ కిటికీ అను. మా ఆయనా, పక్కింటి అన్నయ్యా కలిసి ఇనప కడ్డీతో తొలిచారు."

"అసలు ప్లానులో లేదు కదా!"

"ఎందుకుంటుంది? గుమ్మాలన్నీ మిల్లు వైపే పెట్టారు. ఎవరింటికి ఎవరెళ్లినా మేనేజరుకి మేడ మీంచి కనబడాలిగా! నలుగురు కలిస్తే సమ్మె పుడుతుందని వాడి భయం."

"తనిఖీకొస్తే దొరికిపోలేదా?"

"ఇటు నేనో క్యాలెండరు, అటు వదినో క్యాలెండరు తగిలించేవాళ్లం. సమ్మె పుట్టనే పుట్టింది. అప్పుడు ఎవరి పొయ్యి వెలిగితే వాళ్ల గిన్నె ఇందులోంచి అవతలికి వెళ్లేది."

"చరిత్రని ఉన్నదున్నట్టు కాపాడమన్నారు పెద్దమ్మా."

"బాగుంది! గోడ కట్టినవాడిది చరిత్ర, కాపురం చేసినవాళ్లది కన్నమా?"

"నాకొచ్చిన ఆర్డరు అది. ఏం చెయ్యను?"

"సరే, సిమెంటు కలుపుకో. ముందు ఈ పాలగ్లాసు అవతలికి అందించు. వదినకి లేచే ఓపిక లేదు, మంచం ఈ కిటికీ కిందే వేయించుకుంది."

"ఇదిగో... గ్లాసు తీసుకున్నారు. నా చెయ్యి మాత్రం వదలట్లేదు పెద్దమ్మా."

"నా చెయ్యనుకుందిలే. ఇప్పుడు పూడ్చు, చూస్తాను."