ఎర్రజెండా కట్టిన కంప్యూటర్

ఝపటాపూర్ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్న రైల్వే వర్క్‌షాప్ ఫిట్టరు, ప్రేమ్ బజార్ అద్దెగదిలో ఉండి చదువుకుంటున్న కూతురితో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"నాన్నా, మనింటి కంప్యూటర్ లోపల నాకోసం ఇంకో కంప్యూటర్ తయారుసేసినాను. ఇక్కణ్ణించే అందులో పనిసేసుకుంటాను."

"తెరమీద బాణం దానంతటదే కదుల్తందమ్మా!"

"అది నేనే. నిన్నటిలాగ స్విచ్చి ఆపీకు, నా ప్రాజెక్టు పోద్ది."

"ఇంకెవుడూ ముట్టడు. ఎర్రజెండా కట్టినాను."

"జెండా ఏటి నాన్నా?"

"బోగీ కింద మడిసి పనిసేస్తంటే, ఎవుడూ దాన్ని కదపకుండా కడతాం కదా. లోపల నువ్వున్నావని మీ యమ్మని సీపురు కూడా పట్టనివ్వనేదు."

సాయంత్రం మళ్ళీ ఫోను మోగింది.

"పనయిపోనాది నాన్నా. బైటికొచ్చేసినాను, జెండా తీసెయ్."

అతని చెయ్యి జెండా దాకా వెళ్ళి ఆగింది.

"ఉండనీమ్మా. ఇంకొంచెంసేపు ఇంట్లోనే ఉండు."